ఆపరేషన్ అయిన మనిషికి గ్రోత్ హార్మోన్ సూది వేయించవచ్చునా?



పోయిన వారం మన వాట్సాప్ గుంపులో బాగలూరు తమ్ముడొకడు ఒక మాట అడిగినాడు. "అన్నా, మా మామకు కడుపు ఆపరేషన్ అయి పన్నెండు రోజులైంది. మనిషి సగమైపోయినాడు. గ్రోత్ హార్మోన్ సూదులు వేస్తే కండ తొందరగా పడుతుందని తెలిసినాయన ఒకాయన చెప్తా ఉండాడు. రేటు మాత్రం చాలా ఎక్కువ. వేయించేదా?"

దానికి మనవాళ్లు ఇచ్చిన జవాబులు మీరూ చూసినారు. ఒకరు "వేయించు తమ్ముడూ, డబ్బు పోతే సంపాదించుకోవచ్చు" అన్నారు. ఒకరు ఏదో వీడియో పంపినారు. ఇంకొకరు దణ్ణం బొమ్మ పెట్టినారు. నేను "ఆగు, సర్జన్‌ను అడగకుండా ఏదీ కొనొద్దు, రాత్రికి ఫోన్ చేస్తా" అని మాత్రం రాసినాను. ఫోన్లో అతనితో మాట్లాడినదంతా అందరికీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తా ఉండాను. పెద్ద పోస్టే. ఓపికగా చదవండి.

నేను డాక్టరును కాను. హొసూరులో ఇరవై ఎనిమిది ఏండ్లు మందులంగడి నడిపినవాణ్ణి. మందు డబ్బాలో మడిచి పెట్టిన సన్నక్షరాల కాగితాన్ని చదివే అలవాటు నాకు మొదటి నుంచీ ఉండేది. ఈ రోజు చెప్పే అసలు సంగతి ఆ కాగితంలోనే ఉంది. దాని వెనక ఉన్న కథ తెలిస్తే ఆ సన్నక్షరాలు ఎంత బరువైనవో అర్థమవుతుంది.

ముందు ఈ హార్మోన్ ఏమిటో చూద్దాం

మన మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంది, పిట్యూటరీ. పిలకాయలు పొడుగు పెరగడానికి కావాల్సిన హార్మోన్ అక్కడే ఊరుతుంది. పెద్దయినాక పొడుగు ఆగిపోయినా హార్మోన్ ఆగదు. కండను కాపాడటం, కొవ్వును కరిగించి వాడుకోవడం, ఎముకను గట్టిగా ఉంచడం, ఇవన్నీ దాని పనులే. ముఖ్యంగా రాత్రి గాఢనిద్ర పట్టిన తొలి గంటల్లో ఎక్కువగా విడుదలవుతుంది. నిద్రపోతే ఒళ్లు తేరుకుంటుందని మన జేజిలు చెప్పిన మాట ఊరికే పుట్టింది కాదు.

1985కు ముందు ఈ మందును చనిపోయినవాళ్ల పిట్యూటరీ గ్రంథుల నుంచి తీసేవాళ్లు. ఎదుగుదల లేని పిల్లలకు దాన్నే ఇచ్చేవాళ్లు. అట్లా తీసుకున్నవాళ్లలో కొందరికి కొన్నేండ్ల తర్వాత క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ అనే మెదడు జబ్బు వచ్చింది. దానికి మందు లేదు. ప్రపంచం మొత్తం మీద 200 మందికి పైగా అట్లా చనిపోయినారు. 1985లో ఆ సంగతి బయటపడగానే అమెరికా, బ్రిటన్ ఆ పాత మందును ఆపేసినాయి. అదే ఏడు అమెరికాలో, సూక్ష్మజీవుల్లో మనిషి జన్యువును పెట్టి తయారుచేసే కొత్త రకానికి అనుమతి వచ్చింది. మనం బెంగళూరు పోయే హొసూరు రోడ్డు మీద, బొమ్మసంద్ర దగ్గర, బయోకాన్ వాళ్లు ఇన్సులిన్ తయారుచేసేది కూడా ఇట్లాంటి పద్ధతిలోనే. ఇప్పుడు దొరికే గ్రోత్ హార్మోన్‌తో ఆ మెదడు జబ్బు భయం లేదు. అయితే కొత్త రకం వచ్చినాక మందుకు కొరత తీరిపోయింది. కొరత లేని మందుకు కొత్త కొత్త ఉపయోగాలు వెతకడం మొదలైంది.

సర్జన్లకు ఈ ఆలోచన ఎట్లా వచ్చింది?

ఆలోచన తప్పుడుది కాదు. 1930లో స్కాట్‌లాండులోని గ్లాస్గోలో డేవిడ్ కథ్‌బర్ట్‌సన్ అనే ఆయన కాలు విరిగినవాళ్ల మూత్రాన్ని కొలిచినాడు. విరిగింది ఎముక ఒక్కటే, మనిషి మంచం మీదే ఉండాడు, అయినా మూత్రంలో నత్రజని విపరీతంగా పోతా ఉంది. అంటే ఒంట్లో ఉన్న కండ కరిగి బయటికి పోతా ఉందన్నమాట. ఒక గ్రాము నత్రజని పోయిందంటే దాదాపు 30 గ్రాముల కండ పోయినట్టు లెక్క. 2013లో లండన్ పరిశోధకులు ఐసీయూలో ఉన్నవాళ్ల తొడకండను స్కాన్‌తో కొలిస్తే, పది రోజుల్లో అది దాదాపు 18 శాతం తగ్గింది. మన ఇండ్లలో "ఆస్పత్రికి పోయినప్పుడు మనిషి, వచ్చినప్పుడు బొమికెలు" అనేది దీన్నే.

మరి కండను కాపాడే హార్మోన్ ఉండగా దాన్ని బయటి నుంచి ఇస్తే సరిపోదా అనుకున్నారు సర్జన్లు. 1989లో బీజింగ్‌లో కడుపు ఆపరేషన్ అయినవాళ్లకు కొద్ది మోతాదులో ఇచ్చి చూసినారు. కండ నష్టం తగ్గింది. 1990లో అమెరికాలోని గాల్వెస్టన్‌లో, ఒళ్లు బాగా కాలిన పిల్లలకు ఇచ్చినారు. కాలిన చోట అతికించడానికి తొడ మీద నుంచి చర్మం తీస్తారు కదా, ఆ తీసిన చోటు మానడానికి 9 రోజులు పట్టేది 7 రోజులకు వచ్చింది. కాలిన పిల్లవాడికి రెండు రోజులు తక్కువ నొప్పి అంటే మాటలు కాదు. మన దేశంలో చండీగఢ్ పీజీఐలో కూడా కాలిన రోగుల మీద దీన్ని వాడి చూసి మంచి ఫలితమని 1998లో రాసినారు.

ఈ పరిశోధనలన్నీ చిన్నవి. కొద్దిమంది రోగులు, కొద్ది రోజులు. చాలావాటిలో కొలిచింది నత్రజని, కండ, చర్మం మానే రోజులు. ఆ కొలతలన్నీ బాగున్నాయి. కాబట్టి చాలా ఐసీయూల్లో దీన్ని మామూలుగా ఇచ్చే రోజు దగ్గరపడిందని అందరూ అనుకున్నారు.

1999 సెప్టెంబరు

అప్పుడు యూరప్‌లో రెండు పెద్ద పరీక్షలు జరిగినాయి. ఒకటి ఫిన్లాండులో 247 మంది మీద, ఇంకొకటి ఇతర యూరప్ దేశాల్లో 285 మంది మీద. వీళ్లంతా ఐసీయూలో అప్పటికే 5 నుంచి 7 రోజులు ఉన్నవాళ్లు. గుండె ఆపరేషన్, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, ప్రమాదంలో చాలా చోట్ల దెబ్బలు తగిలినవాళ్లు, ఊపిరి సమస్యతో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు. సగం మందికి గ్రోత్ హార్మోన్, సగం మందికి ఉత్త సూది. ఎవరికి ఏది పోతా ఉందో రోగికీ డాక్టరుకూ తెలియదు. మోతాదు రోజుకు 5.3 లేదా 8 మిల్లీగ్రాములు. హార్మోన్ తక్కువై మామూలుగా వాడే పెద్దవాళ్లకు మొదలుపెట్టే మోతాదు మిల్లీగ్రాములో సగం కూడా ఉండదు. ఆ తేడాను గుర్తు పెట్టుకోండి.

ఫలితం 1999 సెప్టెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఫిన్లాండులో ఉత్త సూది వేసినవాళ్లలో నూటికి 20 మంది ఆస్పత్రిలో చనిపోయినారు. హార్మోన్ వేసినవాళ్లలో నూటికి 39 మంది. రెండో పరీక్షలో 18కి 44.

ఇంకోసారి చదవండి. కండ పట్టాలని వేసిన సూది చావులను రెట్టింపు చేసింది, ఒకచోట రెట్టింపు కంటే ఎక్కువ. బతికినవాళ్లు కూడా తొందరగా లేవలేదు. హార్మోన్ తీసుకుని బతికినవాళ్లు వెంటిలేటర్ మీద, ఐసీయూలో ఇంకా ఎక్కువ రోజులు ఉండినారు. ఎక్కువ మంది పోయింది అదుపు తప్పిన ఇన్‌ఫెక్షన్‌తో, అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి చేతులెత్తేసి.

ఈ పరీక్ష చేయకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. చిన్న పరిశోధనల మంచి కొలతలు చూసుకుని ఆ మందును ఐసీయూల్లో వాడుతూనే ఉండేవాళ్లు. ఎవరైనా పోతే "ఎంతో ఖరీదైన సూది కూడా వేసినాం, అయినా దక్కలేదు" అనుకునేవాళ్లం. ఆ సూదే కారణమని ఎవరికీ అనుమానం వచ్చేది కాదు, ఎందుకంటే ఐసీయూలో చావు కొత్త కాదు. సగం మందికి ఉత్త సూది వేసి లెక్క చూసినారు కాబట్టే తెలిసింది.

అందుకే ఎవరైనా "ఈ మందుతో కండ పెరిగింది, రిపోర్టు బాగుంది" అని చెప్తే నేను ఒకటే అడుగుతాను. బతికినవాళ్లు ఎక్కువైనారా? ఇంటికి తొందరగా పోయినారా? ఈ రెండింటికి జవాబు లేకపోతే, తక్కిన కొలతలు ఎంత బాగున్నా అవి కాగితం మీది బాగే.

ఎందుకట్లా జరిగింది?

పూర్తి కారణం ఇదీ అని ఖాయంగా తేలలేదు. పరిశోధకులు చెప్పిన వాటిలో నాకు బాగా అర్థమైనది ఇది.

మన తాతల కాలంలో ఇంట్లో గాదె ఉండేది. పంట పండిన ఏడు దాన్ని నింపేవాళ్లు, కరువు ఏడు తెరిచేవాళ్లు. ఒంటికి కండ గాదె వంటిది. పెద్ద ఆపరేషన్, పెద్ద దెబ్బ, ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్, ఇవన్నీ ఒంటికి కరువు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలకు, పేగు లోపలి పొరకు, మానే గాయానికి సరుకు కావాల. కండ కరిగితే గ్లుటమిన్ లాంటి సరుకు వాటికి అందుతుంది. అంటే కండ కరగడం అంతా నష్టమే కాదు. దానిలో కొంత ఒళ్లు తనకు తానుగా చేసుకున్న ఏర్పాటు. అట్లాంటప్పుడు బయటి నుంచి పెద్ద మోతాదులో హార్మోన్ ఇస్తే గాదె తలుపు మూసినట్టవుతుంది. గాదె నిండుగా ఉంటుంది, ఇంట్లో వాళ్లు పస్తు ఉంటారు.

దానికి తోడు ఈ హార్మోన్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది. పెద్ద ఆపరేషన్ అయితే చక్కెర జబ్బు లేనివాళ్లకే చక్కెర పెరుగుతుంది. ఇంక మన ఇండ్లలో నలభై దాటినవాళ్లలో చక్కెర లేనివాళ్లు ఎంతమంది చెప్పండి? చక్కెర పెరిగితే గాయం మానదు, చీము పడుతుంది. అదే గాయం మానాలని మనం సూది వేయిస్తాం.

మనలో పట్టుపురుగులు మేపినవాళ్లు చాలామంది ఉండారు. డెంకణీకోట, కెలమంగలం వైపు వాళ్లకు ఇంకా సులభంగా చెప్పవచ్చు. పురుగు జ్వరానికి కూచున్నప్పుడు ఆకు వేస్తారా? వేయరు. ఆ పొద్దు అది తల పైకెత్తి కదలకుండా ఉంటుంది, లోపల పాత చర్మం విడిచే పని జరుగుతా ఉంటుంది. తిండి తగ్గిందని భయపడి ఆకు కుప్ప పోస్తే తేమ పెరిగి రోగం వస్తుందని చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. జ్వరం విడిచినాక వేసే ఆకు వేరు. ఐసీయూలో ఉన్న మనిషికి తిండి ఆపమని నేను చెప్పడం లేదు. ఆ తిండిని ట్యూబులోనో సెలైన్‌లోనో డాక్టర్లు లెక్క ప్రకారం ఇస్తారు. నేను చెప్పేది "పెరుగు, పెరుగు" అని ఒంటిని తరమడం గురించి.

మా ఇంట్లో జరిగినది

మా పెదనాయన కొడుకు ఒకడు కొన్నేండ్ల కింద సూలగిరి దగ్గర హైవే మీద బండి మీద నుంచి పడినాడు. పేగు చిల్లు పడింది. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రెండు ఆపరేషన్లు అయినాయి. పదో రోజుకు కూడా వెంటిలేటర్ మీదే ఉండినాడు. అద్దంలో నుంచి చూస్తే బుగ్గలు లోపలికి పోయి, చేతులు కట్టెపుల్లల మాదిరి ఉండినాయి.

మా వదిన తమ్ముడికి తెలిసినవాడు ఒకడు జిమ్ముకు మందులు సరఫరా చేసేవాడు. వాడొచ్చి "ఈ సూదులు పదిహేను రోజులు వేస్తే మనిషి లేచి కూచుంటాడు, ఆస్పత్రివాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాల" అని ఎక్కించినాడు. వదిన చెవులకున్న కమ్మలు, మెడలో ఉన్న గొలుసు తీసి కొడుకు చేతికి ఇచ్చేసింది. అత్తిబెలెలో కుదువ పెట్టి రమ్మని. ఆ రోజు నేను అక్కడే ఉండినాను. "వదినా, ఒక్క గంట ఆగు, ముందు ఐసీయూ డాక్టరమ్మను అడుగుదాం" అని ఆపినాను.

ఆ డాక్టరమ్మ మన చిత్తూరు వైపు మనిషి. తెలుగులోనే చెప్పింది. "అమ్మా, ఆయన ఒంట్లో ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ ఉంది. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకు ఆ మందు వేయకూడదని మందు కంపెనీలే రాసినాయి. మీరు తెచ్చినా నేను వేయను. మీ డబ్బు దాచుకోండి, ఇంటికి పోయినాక గుడ్లకు, పాలకు, ఫిజియోథెరపీకి కావాల" అనింది. మా వదిన ఏడ్చింది. "ఏమీ చేయకుండా ఊరికే చూస్తా కూచోవాల్నా?" అని అడిగింది. డాక్టరమ్మ "ఊరికే లేము అమ్మా, గంట గంటకూ చేస్తానే ఉండాము. మీకు కనపడదు అంతే" అనింది.

తమ్ముడు ముప్పై ఒక్క రోజులకు ఇంటికి వచ్చినాడు. నలభై ఆరు కేజీలు. పట్టుకుంటే గానీ బాత్రూముకు పోలేనివాడు. ఐదు నెలలకు మళ్లీ తోటకు పోవడం మొదలుపెట్టినాడు. సూది వేయనందువల్లే బతికినాడని నేను అనను. ఒక్క మనిషిని చూసి అట్లా చెప్పడం, సూది వేస్తే లేచి కూచుంటాడని చెప్పిన ఆ జిమ్మువాడి మాట వంటిదే అవుతుంది. నేను చెప్పగలిగింది నూట్లో 20, నూట్లో 39 అన్న లెక్క మాత్రమే.

ఇంక ఆ "ఊరికే చూస్తా కూచోవాల్నా" అన్న మాటను మరిచిపోలేకపోతున్నాను. ఖరీదైన సూదులు అమ్ముడుపోయేది ఆ మాట వల్లనే. ఆస్పత్రి బెంచీ మీద కూచున్న మనిషికి ఏదో ఒకటి చేసినామన్న తృప్తి కావాల. అది తప్పు కాదు. కానీ ఆ తృప్తికి మనం ఎంత ధర కడతా ఉండామో, ఆ ధర రోగి కడతా ఉండాడేమో చూసుకోవాల.

మరి ఈ మందు ఎవరికీ పనికిరాదా?

అట్లా అనుకోవద్దు. పనికొచ్చేవాళ్లు ఉండారు.

ఎదుగుదల హార్మోన్ తక్కువైన పిల్లలకు ఇది నిజంగా వరం. పిల్లల డాక్టరు పరీక్షలు చేసి రాసిస్తే ఏ అనుమానం లేకుండా వేయించండి. ఈ పోస్టు చదివి ఆ పిల్లల మందు ఎవరూ ఆపొద్దు.

పిట్యూటరీలో గడ్డ వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరికి ఆ తర్వాత హార్మోన్ ఊరదు. వాళ్లకు తక్కువ మోతాదులో, ఎండోక్రైనాలజిస్టు చూస్తా ఇస్తారు. అక్కడ లోటును పూడుస్తా ఉండారు, అదనంగా తోయడం లేదు.

పేగు చాలా భాగం తీసేసినాక తిన్నది ఒంటబట్టనివాళ్లకు కొన్ని వారాలు వాడటానికి 2003లో అమెరికాలో అనుమతి ఇచ్చినారు. ఒళ్లు బాగా కాలినవాళ్ల విషయంలో, ముఖ్యంగా పిల్లల్లో, పెద్ద ఆస్పత్రుల్లో వాడిన అనుభవం ఉంది. యూరప్ పరీక్షల్లో కనపడిన చావుల పెరుగుదల ఆ పిల్లల్లో కనపడలేదు. కానీ చక్కెర మాత్రం వాళ్లకూ పెరుగుతుంది.

ఎముకలు విరిగినవాళ్లు చాలామంది అడుగుతారు, మన హైవే పుణ్యమా అని. మోకాలి కింది ఎముక విరిగినవాళ్ల మీద 2007లో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. మొత్తం మీద చూస్తే తేడా తేలలేదు. చర్మం చీలకుండా లోపలే విరిగినవాళ్లలో మాత్రం పెద్ద మోతాదుతో కొంచెం తొందరగా అతికింది. దాన్ని పట్టుకుని మామూలుగా ఎవరికీ రాయడం లేదు.

కాబట్టి మందు చెడ్డది అనడం కూడా తప్పే. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నదే అసలు ప్రశ్న. లోటు ఉన్న ఒంటికి తగినంత ఇవ్వడం ఒకటి. కరువులో ఉన్న ఒంటిని పెద్ద మోతాదుతో తరమడం ఇంకొకటి.

1999 తర్వాత ఈ మందు డబ్బాలోని కాగితంలో ఒక హెచ్చరిక చేరింది. గుండె ఆపరేషన్, కడుపు ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చి ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు, ప్రమాదంలో చాలా దెబ్బలు తగిలినవాళ్లకు, ఊపిరి అందని స్థితిలో ఉన్నవాళ్లకు దీన్ని వాడకూడదు అని. నేను మొదట్లో చెప్పిన సన్నక్షరాలు ఇవే. వాటి వెనక 532 మంది రోగులు ఉండారు.

ఎవరైనా ఈ సూది గురించి చెప్తే ఏం అడగాల?

ఒకటి, చెప్పేది ఎవరు? ఆపరేషన్ చేసిన సర్జన్, ఐసీయూ డాక్టరు, ఎండోక్రైనాలజిస్టు కాకుండా వేరే ఎవరు చెప్పినా అక్కడే ఆగిపోండి.

రెండు, రోగికి హార్మోన్ లోటు ఉందని పరీక్షలో తేలిందా? బక్కగా కనపడటం లోటు కాదు.

మూడు, ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గిందా? చక్కెర ఎంత ఉంది? క్యాన్సర్ ఆపరేషన్ అయితే మరీ జాగ్రత్త. క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఈ మందు వాడకూడదు.

నాలుగు, ఎక్కడి నుంచి వస్తా ఉంది? ఇది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఎవడో బ్యాగులో పెట్టుకొచ్చి, బిల్లు లేకుండా, రేటు తగ్గించి ఇస్తే అది ఏ మందో వాడికే తెలియకపోవచ్చు. జిమ్ములో పిలకాయలు వాడతారు కదా అంటారు. ఆటల పోటీల్లో దీన్ని నిషేధించినారన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు. ఆరోగ్యంగా ఉన్న పాతికేండ్ల కుర్రవాడి ఒళ్లూ, పేగు కుట్టు వేసుకుని పడుకున్న అరవై ఏండ్ల మనిషి ఒళ్లూ ఒకటి కావు.

మరి తొందరగా కోలుకోవడానికి ఏం చేయాల?

1990లలో డెన్మార్క్‌లో హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ ఒక పని చేసినాడు. పెద్దపేగు ఆపరేషన్ అయినవాళ్లు అప్పట్లో వారం, పది రోజులు ఆస్పత్రిలో ఉండేవాళ్లు. ఆయన వాళ్లను రెండు మూడు రోజులకే ఇంటికి పంపించగలిగినాడు. ఏ కొత్త సూదీ లేదు. నొప్పి బాగా తగ్గించడం, ఆపరేషన్ అయిన రోజే మంచం దించి నిలబెట్టడం, తొందరగా నోటితో తిననివ్వడం, అనవసరమైన ట్యూబులు తీసేయడం. అన్నీ పాత పనులే, అన్నీ కలిపి ఒక పద్ధతిగా చేసినాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ దారిలో పోతా ఉంది.

మన ఇంటి మట్టుకు చేయగలిగినవి చెప్తాను. ప్రతిదానికీ ముందు మీ సర్జన్‌ను అడగండి.

తిండి. పెద్ద ఆపరేషన్ తర్వాత కేజీ బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. అరవై కేజీల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. మనవాళ్లు పెట్టేది ఏమిటి? గంజి, రస్కు, ఇడ్లీ, కొబ్బరినీళ్లు. ఇవి మొదటి రోజులకు సరే, నెల రోజులు ఇదే పెడితే కండ ఎక్కడి నుంచి వస్తుంది? గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. వంద గ్రాముల ఉలవల్లో దాదాపు 22 గ్రాములు. పాలు, పెరుగు, పప్పు, చేప, కోడి, ఏది ఒంటికి పడితే అది. "కుట్లు చీము పడతాయి" అని గుడ్డు, పప్పు మాన్పించడం మన ఇండ్లలో పెద్ద జబ్బు. డాక్టరు వద్దంటే తప్ప మాన్పించొద్దు. రాగిసంగటి మంచిదే, కానీ సంగటితో పాటు ఏముందో చూడండి. ఉత్త ఊరుబిండితో తింటే ప్రొటీన్ చాలదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు డాక్టరు చెప్పినంతే తినాల.

నడక. కండకు "నువ్వు కావాల, ఉండు" అని చెప్పేది పని ఒక్కటే. మంచం మీద పడుకోబెట్టి ఎంత తినిపించినా అది కొవ్వుగా పోతుంది. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మొదట మంచం అంచున కూచోవడం, తర్వాత గదిలో, తర్వాత వీధిలో.

చక్కెర. ఇంట్లో మీటరు పెట్టుకోండి. రాసి పెట్టుకోండి.

నిద్ర. ఇది మన సంఘం వాళ్లకు ప్రత్యేకంగా చెప్తా ఉండాను. ఒంట్లో సొంత గ్రోత్ హార్మోన్ గాఢనిద్రలో ఊరుతుందని పైన చెప్పినాను. మనమేం చేస్తాం? ఆపరేషన్ అయిన మనిషిని చూడటానికి ఊరంతా కదిలి పోతాం. పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి. ఆయన కండ్లు మూసుకుంటే "మామా, నేనొచ్చినా" అని లేపుతాం. మన పలకరింపు మంచిదే. కానీ అయిదు నిమిషాలు చాలు. పడుకుని ఉంటే లేపకుండా, బయట ఉన్న ఇంటివాళ్లతో మాట్లాడి, చేతిలో గుడ్ల ట్రే పెట్టి వచ్చేయండి. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా అందరూ తెస్తారు.

మన సంఘం చేయగలిగినది

పోలుపల్లిలో మన కృష్ణగిరి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. 2022 జనవరిలో తమిళనాడులో ఒకే రోజు ప్రారంభమైన పదకొండు కొత్త మెడికల్ కాలేజీల్లో అది ఒకటి. రోడ్డు ప్రమాదం జరిగితే మొదటి 48 గంటల వైద్యం ఉచితంగా చేసే "ఇన్నుయిర్ కాప్పోం" పథకం 2021 డిసెంబరు నుంచి ఉంది. ముఖ్యమంత్రి బీమా కార్డు ఉంది. ఇవన్నీ ఉండి కూడా మనవాళ్లు ఎవరో చెప్పిన సూదికి నగలు కుదువ పెట్టడానికి ఒక కారణం భాష. వేపనపల్లి, బేరికె పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లకు తెలుగు తప్ప రాదు. డాక్టరు తమిళంలో చెప్తాడు, డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం కానప్పుడు మనిషి తన భాషలో మాట్లాడేవాడిని నమ్ముతాడు. వాడు డాక్టరా, జిమ్ముకు మందులు తెచ్చేవాడా అని చూడడు.

అందుకని సంఘం ముందు ఒక మాట పెడతా ఉండాను. మనలో నర్సులు ఉండారు, ఫార్మసిస్టులు ఉండారు, తమిళం, ఇంగ్లీషు బాగా వచ్చిన పిలకాయలు ఉండారు. పది మంది పేర్లతో ఒక పట్టీ చేద్దాం. ఎవరి ఇంట్లోనైనా పెద్ద ఆపరేషన్ అయితే ఆ పట్టీలోని ఒకరు ఒక్కసారి ఆస్పత్రికి పోయి, డాక్టరుతో మాట్లాడి, ఇంటివాళ్లకు తెలుగులో చెప్పాల. డిశ్చార్జి కాగితంలోని మందులు, తిండి, మళ్లీ రావాల్సిన తేదీ, ఈ మూడూ పెద్దక్షరాల్లో తెలుగులో రాసి గోడకు అంటించి రావాల. మందులు మార్చమని, కొత్త మందు కొనమని మనవాళ్లు ఎవరూ చెప్పకూడదు. అది డాక్టరు పని.

వచ్చే ఆదివారం సమావేశంలో దీన్ని మాట్లాడదాం. మొదటి పేరుగా నాది రాసుకోండి. రావాలనుకునేవాళ్లు కింద కామెంటులో మీ పేరు, ఏ వైపు ఊళ్లకు పోగలరో రాయండి. డెంకణీకోట, తళి వైపు ఇద్దరు కావాల, అక్కడ మనకు ఎవరూ లేరు.